లెక్క చాటున, నింద నలుగురిలో

విశాఖలో కంచరపాలెంలోనో, ఆరిలోవలోనో, గాజువాక వెనక వీధుల్లోనో పొదుపు సంఘం సమావేశం జరిగే తీరు ఇంచుమించు ఒకటే. ఒకరింటి వరండాలో చాప పరుస్తారు. పది పన్నెండు మంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుంటారు. తీర్మానాల పుస్తకం లీడరు ఒళ్లో ఉంటుంది. ఆ నెల కిస్తీ కట్టనిది ఎవరో చాప మీద ఉన్నవాళ్లకే కాదు, వీధిలో బిందె పట్టుకుని పోతున్నవాళ్లకీ తెలిసిపోతుంది. పేరు అంత గట్టిగా వినిపిస్తుంది. సంఘం ఖాతాలో ఎంతుంది, పోయినసారి బ్యాంకు అప్పు ఏ వరుసలో పంచారు, ఫలానావిడకి ముందెందుకు ఇచ్చారు అన్నవి మాత్రం ఆ పుస్తకంలోనే ఉండిపోతాయి. సంతకాలు అందరివీ పడతాయి. చదివి పెట్టినవి తక్కువ.

అక్కడికి రెండు వీధుల అవతల బడిలో యూనిట్ టెస్టు పేపర్లు ఇస్తుంటారు. ఒక్కో పేరూ, పక్కనే మార్కూ పైకి చదువుతారు. ఇరవై అయిదుకి ఏడు వచ్చినవాడు లేచి, బెంచీల మధ్య నడిచి వెళ్లి, ఒక మాట పడి, పేపరు తెచ్చుకోవాలి. ఆ ఏడు ఎలా వచ్చింది, మూడో ప్రశ్నకి సగం రాసినా సున్నా ఎందుకు పడింది అన్నది క్లాసులో ఎవరికీ తెలియదు. వాడికి కూడా తెలియదు.

రెండు చోట్లా జరిగిన తప్పు ఒక్కటే. నలుగురిలో ఉండాల్సిన లెక్క చాటుకి పోయింది, చాటున చెప్పాల్సిన లోపం నలుగురిలోకి వచ్చింది. సంఘాల్లో, చిన్న వ్యాపారాల్లో, తరగతి గదుల్లో ఎవరైనా "నాకు అన్యాయం జరిగింది" అన్నప్పుడు తవ్వి చూస్తే చాలాసార్లు అడుగున ఉండేది ఈ తారుమారే.

న్యాయం అనగానే అందరికీ సమానంగా పంచడం అనుకుంటాం. జనం అడిగేది అంతకంటే తక్కువ. విశాఖ ఫిషింగ్ హార్బరు దగ్గర కాసేపు నిలబడితే ఇది అర్థమవుతుంది. వాటాల పద్ధతి ఉన్న పడవల్లో సరుకు అమ్మాక డీజిలు, ఐసు, తిండి ఖర్చులు ముందు తీసేస్తారు. మిగిలినదాంట్లో పడవకింత, వలకింత, మనిషికింత. బోటు నడిపే సరంగుకి ఎక్కువ, కొత్తగా చేరిన కలాసీకి తక్కువ. ఈ తేడాని ఎవరూ అన్యాయం అనరు. గాలి తిరిగినప్పుడు బోటుని ఒడ్డుకి చేర్చేది సరంగు అనీ, బోటు పోతే అప్పుల్లో మునిగేది యజమాని అనీ అందరికీ తెలుసు. మాటామాటా పెరిగేది ఖర్చుల దగ్గర. డీజిలు ఎంత పట్టించారు, ఐసుకెంత అయింది అన్న చీటీ కలాసీ కంట పడకపోతే, చేతికొచ్చిన వాటా సరైనదే అయినా తక్కువగానే అనిపిస్తుంది. వేలం దగ్గర ఆ అనుమానం ఉండదు. చేపల కుప్పల చుట్టూ నిలబడి పాట పాడే ఆడవాళ్లకి ఎవరెంత పాడారో చెవులారా వినిపిస్తుంది. కొనలేకపోయిన మనిషి కూడా మోసపోయాననుకోదు. పాట తన చేతిలో ఉన్న డబ్బు దాటిపోయింది, అంతే.

నియమం కాగితం మీదుండి కళ్ల ముందు లేకపోతే ఏమవుతుందో కూడా ఈ తీరమే చూసింది. తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల వరకు సముద్రాన్ని సంప్రదాయ మత్స్యకారులకు వదలాలని రాష్ట్ర నిబంధనలు చెబుతున్నాయి. చేపల గుంపుని చుట్టేసి పట్టే రింగు వలలు ఎక్కడ వేశారన్న దాని మీద 2022 జనవరిలో పెదజాలరిపేటకీ పరిసర మత్స్యకార గ్రామాలకీ మధ్య గొడవ పడవలు తగలబడేదాకా, పోలీసులు ఆంక్షలు పెట్టేదాకా ముదిరింది. నీళ్ల మీద గీత కనపడదు. ఎవరు దాటారో చెప్పడానికి ఇరుపక్కలవాళ్లూ నమ్మే మూడో మనిషి లేనప్పుడు, ఎవరి లెక్క వాళ్లకి నిజం అయిపోతుంది.

మార్కెట్లో ఇదే విషయం కాటా దగ్గర తేలుతుంది. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం కాటాలకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ముద్ర ఉందంటే తూకం సరిగ్గా ఉందని నమ్మొచ్చు. కానీ అంకెలు ఒకవైపే కనపడే ఎలక్ట్రానిక్ కాటాని అమ్మేవాళ్లు తమవైపు తిప్పి పెట్టుకున్నారనుకోండి. తూకంలో ఒక్క గ్రాము తేడా లేకపోయినా కొనేమనిషి ఆ అంకె చూడాలంటే అడగాలి, అడిగితే అనుమానించినట్టు అవుతుంది. పూర్ణా మార్కెట్లో సంచి నిండా కొనేవాళ్లు మొహమాటం లేకుండా తొంగి చూస్తారు. పావుకిలో కొనేవాళ్లే ఊరుకుంటారు. న్యాయానికి మర్యాద తోడు కావాల్సింది సరిగ్గా ఇక్కడే. అడిగే భారం బలం తక్కువ ఉన్నవాళ్ల మీద పడకుండా, అడక్కముందే చూపించడం మర్యాద. కాటా ముఖం అటు తిప్పడానికి ఖర్చేమీ లేదు.

1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో రైతు బజార్లు మొదలైనప్పుడు వాటి బలం కూడా ఇలాంటి చిన్న విషయంలోనే ఉంది. ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో బజారుకి వెళ్లినవాళ్లకి ఆ రోజు రేట్ల బోర్డు కనపడుతుంది. బేరంలో ధర మొహాన్ని బట్టి, కట్టుకున్న చీరని బట్టి, మాట తీరుని బట్టి మారుతుంది. బోర్డు మీద రాసిన ధర ఆఫీసరు భార్యకీ, ఆటో నడిపేవాడి భార్యకీ ఒకటే. గిరిజన సహకార సంస్థ కథ ఇంకా పాతది. 1956లో పుట్టిన ఆ సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. ఏజెన్సీ సంతల్లో దళారుల తూకాలకీ వడ్డీలకీ బలైపోతున్న గిరిజనుల దగ్గర చింతపండు, తేనె, కొండచీపుర్లు సరైన ధరకి కొనడం దాని పని. ధర ముందే ప్రకటిస్తే, కావిడి భుజానికెత్తుకునే ముందే మనిషికి తన సరుకు విలువ తెలుస్తుంది. సంతలో బరువు దించాక, వెనక్కి మోసుకెళ్లలేని స్థితిలో తెలియడం వేరు. రెండుసార్లూ ధర ఒకటే అయినా మనిషి నిలబడే తీరు ఒకటి కాదు.

ఇక నలుగురిలోకి రాకూడనిది నలుగురిలోకి రావడం. వీధి చివర కిరాణా కొట్టులో అరువు పద్దు రాసుకునే పుస్తకం దీనికి మంచి బడి. రద్దీగా ఉన్న సాయంత్రం పూట ఒకావిడ పావు లీటరు నూనె అడుగుతుంది. "పాత బాకీ ఆరొందలుంది కదమ్మా" అని కొట్టాయన పైకంటే, పక్కన పెరుగు ప్యాకెట్టు కోసం నిలబడ్డ నలుగురికీ ఆమె ఇంటి సంగతి తెలిసిపోతుంది. ఇలాంటప్పుడు పద్దు పుస్తకం తెరిచి, ఆవిడ వైపు తిప్పి, మొత్తం ఉన్న చోట వేలు పెట్టి చూపించి, ఏమీ అనకుండా నూనె సీసా అందించే కొట్టువాళ్లు కూడా ఉన్నారు. ఆవిడ తలూపుతుంది. బాకీ ఉందని ఇద్దరికీ తెలిసింది, మూడో మనిషికి తెలియలేదు. లెక్కలో ఒక్క రూపాయి వదులుకోలేదు. ఆవిడ వచ్చే వారం జీతం రాగానే ముందు ఈ కొట్టుకే వస్తుంది. పరువు నిలిపినవాళ్ల అప్పు ముందు తీర్చాలని మనవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

పొదుపు సంఘంలో ఇది అంత తేలిక కాదు. ఒక్కరు కట్టకపోతే మొత్తం సంఘానికి బ్యాంకు అప్పు ఆగుతుంది. అందుకే మిగతావాళ్లకి తెలుసుకునే హక్కుంది, దాచడం కుదరదు. కానీ తెలియజేయడానికీ వేలెత్తి చూపడానికీ మధ్య తేడా చాలా ఉంది. సంఘాలకి మొదట్లో నేర్పే పంచసూత్రాలు ఏమంటాయి? క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపలి అప్పులు, సకాలంలో వాపసు, సరైన పుస్తక నిర్వహణ. ఈ అయిదింటిలో నాలుగోదాని మీద పెట్టే పట్టుదల అయిదోదాని మీద ఉండదు. ప్రతి సమావేశంలో అందరి పేర్లూ వరుసగా, ఎవరెంత దాచారు, ఎంత తీసుకున్నారు, ఎంత కట్టారు, లీడరు పేరుతో సహా చదివితే అది లెక్క. అందులో బాకీ పడ్డామె పేరు కూడా వస్తుంది, అందరి మధ్యలో ఒకటిగా. ఆ ఒక్క పేరే చదివితే అది నింద. చదివిన అంకె రెండుసార్లూ అదే.

నింద ఎంత దూరం పోతుందో ఈ రాష్ట్రం 2010లో చూసింది. పేదలకి చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి ఆత్మహత్యల దాకా వెళ్లాక, ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. తర్వాత అదే చట్టమైంది. అప్పు తీసుకున్నవాళ్ల ఇంటిచుట్టూ తిరగడాన్నీ, వెంటపడడాన్నీ అది బలవంతపు వసూలు కింద లెక్కగట్టింది. కిస్తీలు గడప దగ్గర కాకుండా పంచాయతీ ఆఫీసులోనో, నిర్ణయించిన బహిరంగ స్థలంలోనో కట్టించుకోవాలంది. ఆ ఆలోచన గమనించాల్సినది. డబ్బు లావాదేవీ బహిరంగంగా జరగాలి, ఇంటి గడప మాత్రం ఆ మనిషిది. అప్పట్లో గడప తొక్కినవాళ్లు బయటి సంస్థలవాళ్లే కాదు, తోటి సభ్యులు కూడా. వాళ్లనే ముందు పెట్టి నడిపించారు. పొరుగావిడ చేత పొరుగావిడని అవమానింపజేయడం అంటే, అప్పు తీరాక కూడా తీరని బాకీ ఒకటి వీధిలో మిగల్చడం.

తోపుడుబండి వ్యాపారానికీ ఇదే కొలత పనికొస్తుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఎన్నికై ఉండాలి, అందులో మూడో వంతు మహిళలు. సామాను స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి, సంతకం పెట్టి ఒక ప్రతి ఇవ్వాలి. పాడయ్యే సరుకైతే జరిమానా కట్టించుకుని, వ్యాపారి అడిగిన రోజే తిరిగి ఇచ్చేయాలి. జగదాంబ సెంటర్లో నిమ్మకాయల బండి ఎత్తుకుపోయినప్పుడు ఆ జాబితా చేతిలో ఉంటే వ్యాపారి తన సరుకు అడగడానికి వెళ్తాడు. లేకపోతే బతిమాలుకోవడానికి వెళ్తాడు.

ఇప్పుడు బడి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం చాలా బళ్లలో తగ్గింది, ఇది నిజమైన మార్పు. ఆ రెండో సగం మీద మాత్రం చర్చ లేదు. ఫీజు కట్టనివాళ్లు లేచి నిలబడమనడం వేధింపు అనిపించుకోదు, గుర్తు చేయడం అనిపించుకుంటుంది. ఫీజు బాకీ తండ్రిది, నిలబడేది ఎనిమిదేళ్ల పిల్ల. స్కాలర్‌షిప్పు కాగితాల కోసం క్లాసు మధ్యలో ఫలానా కులాలవాళ్లు చేతులెత్తమనడం కూడా అలాంటిదే. పని ఆఫీసుది, సదుద్దేశంతోనే చేస్తారు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ రెండు నిమిషాల తర్వాత మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో మారిపోవచ్చు. ప్రైవేటు బళ్లలో 25 శాతం సీట్లు పేద పిల్లలకి ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. ఆ సీటులో చేరిన పిల్ల ఎవరో ఆఫీసు రిజిస్టరుకి తెలిస్తే చాలు, పక్క బెంచీకి తెలియనక్కర్లేదు.

ఒక మాట పిలుపుల గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే తెలుగులో మర్యాద ముందు పిలుపులోనే తెలుస్తుంది. "ఒరే" తిట్టు కాదు. మేనమామ అంటే ముద్దు, చిన్ననాటి స్నేహితుడు అంటే చనువు. క్లాసంతటినీ "ఒరే" అనే మాస్టారి మీద పిల్లలకి కోపం ఉండదు. డాక్టరుగారి అబ్బాయిని "బాబూ" అనీ, ఆటో నడిపేవాడి కొడుకుని "ఒరేయ్" అనీ పిలిచినచోట గుచ్చుకుంటుంది. పిల్లలు దాన్ని వెంటనే పట్టేస్తారు, పెద్దలకి చెప్పరు. సంఘాల్లో కూడా అంతే. సంఘాల పని చూసే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) వచ్చి ఒకరిని "పార్వతిగారూ" అని, పక్కనే కూర్చున్న, వయసులో పెద్దదైన మనిషిని "ఏమ్మా నువ్వు" అంటే, ఆ తర్వాత అప్పుల వరుస ఎంత నియమంగా తేల్చినా ఆ పెద్దావిడకి నమ్మకం కలగదు. పిలుపులో ఒకసారి తేడా కనపడ్డాక అన్ని లెక్కల్లోనూ తేడా ఉన్నట్టే తోస్తుంది.

మాట యాస దగ్గర ఇది ఇంకా లోతుకి వెళ్తుంది. ఉత్తరాంధ్ర పిల్ల "ఏటి సార్" అంటుంది. "నాను రాలేదు" అంటుంది. అది వాళ్లమ్మ మాట, అమ్మమ్మ మాట. క్లాసు నవ్వితే, ఆ నవ్వుని టీచరు ఆపకపోతే, ఆ పిల్ల మళ్లీ నోరు తెరవడానికి నెలలు పడుతుంది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి ఈ ప్రాంతం మనిషే. సవర గిరిజన పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ముందు తను ఆ భాష నేర్చుకున్నారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా బళ్లన్నీ జరుపుకుంటాయి. ఆ రోజు వేదిక మీద మాట్లాడే అవకాశం "ఏటి" అనే పిల్లకి దక్కుతుందా అన్నది అడగాల్సిన ప్రశ్న. రాత పరీక్షలో ప్రామాణిక భాష నేర్పాల్సిందే. దాన్ని నోట్సులో దిద్దొచ్చు, చెవిలో చెప్పొచ్చు.

మార్కుల సంగతికి వస్తే, 2011లో సుప్రీంకోర్టు పరీక్ష రాసినవాళ్లకి దిద్దిన తమ జవాబు పత్రం చూసే హక్కు సమాచార హక్కు చట్టం కింద ఉందని తేల్చింది. పదో తరగతిలో రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఎప్పటినుంచో ఉన్నాయి. పై స్థాయిలో ఇంత పక్కాగా ఒప్పుకున్న హక్కు ఏడో తరగతి యూనిట్ టెస్టు దగ్గర ఎదురు మాట్లాడడం అయిపోతుంది. "ఇక్కడ మార్కులెందుకు తగ్గాయి సార్" అన్న ప్రశ్నకి "నన్నే అడుగుతావా" అన్నది జవాబైతే, ఆ పిల్లాడు నేర్చుకున్నది గణితం కాదు.

టీచర్ల వైపు నుంచి చూస్తే ఇబ్బందులు నిజమైనవే. యాభై మంది క్లాసులో ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి మాట్లాడే సమయం ఎక్కడుంది? లెక్కలు విప్పి చూపిస్తే పిల్లలు నెత్తికెక్కుతారన్న భయమూ ఉంది. లీడర్ల పరిస్థితీ అంతే. జీతం లేని పని, బ్యాంకు చుట్టూ తిరుగుడు, అందరి చేతా మాటలు. వాళ్లకీ మర్యాద దక్కాలి. అయితే ఇక్కడ అడుగుతున్న పనులు భారమైనవి కావు. ఏ ప్రశ్నకి ఏ మెట్టుకి ఎన్ని మార్కులో బోర్డు మీద రాయడానికి అయిదు నిమిషాలు పడుతుంది. రాశాక సగం మంది పిల్లలు తమ తప్పు తామే వెతుక్కుంటారు, టీచరుకి పని తగ్గుతుంది. పేపర్లు బోర్లించి బెంచీల మీద పెట్టడానికి, పేర్లు చదవడానికి పట్టే సమయం కూడా పట్టదు. కూడికలో తప్పు దొరికి టీచరు అందరి ముందూ దిద్దితే గౌరవం పోతుందనుకుంటారు. అలా దిద్దిన టీచరు తర్వాత వేసే సున్నాని కూడా పిల్లలు నమ్ముతారు.

పైన చూసుకునే ఏర్పాటు కూడా ఉంది. పాఠశాల యాజమాన్య కమిటీలో 75 శాతం మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలని విద్యాహక్కు చట్టం అంటుంది. 2024 ఆగస్టులో రాష్ట్రమంతా ప్రభుత్వ బళ్లలో ఈ కమిటీలకి ఎన్నికలు జరిగాయి. ఎన్నికైన ఆడవాళ్లలో చాలామంది పొదుపు సంఘాల సభ్యులే అయ్యుంటారు. సంఘంలో చదవకుండా సంతకం పెట్టడానికి అలవాటుపడ్డ చెయ్యి బడి తీర్మానం మీద కూడా అలాగే పెడుతుంది. ఒకచోట లెక్క అడగడం అలవాటైతే రెండోచోట కూడా అడుగుతుంది.

చదువురాని సభ్యురాలు పాసుపుస్తకం ఇంటికి తెచ్చుకున్నప్పుడు చదివిపెట్టేది మామూలుగా ఆ ఇంట్లో బడికెళ్లే పిల్లలే. రాత్రి అన్నాలయ్యాక, ట్యూబులైటు కింద, ఏడో తరగతి పిల్లాడు వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుతాడు. పోయిన నెల కట్టిన ఎనిమిది వందలు ఎక్కడా పడలేదని వాడికి కనపడుతుంది. అంతకుముందు వారమే క్లాసులో "ఇక్కడ మార్కులు తప్పు సార్" అన్నందుకు ముప్పావుగంట నిలబడ్డాడు. వాడు మళ్లీ ఒకసారి మొదటినుంచి కూడుకుంటాడు. "ఏటైంద్రా, ఆగిపోనావేటి?" అని వాళ్లమ్మ అడుగుతుంది.